వయసు పెరిగితే కోపం నిజంగా తగ్గుతుందా, అణచుకోవడం అలవాటవుతుందా?

మా ఇంట్లో నాలుగేళ్ల పాప నుంచి డెబ్బై దాటిన నాన్నగారి దాకా అందరం కలిసే ఉంటాం కాబట్టి నేను చూసింది చెబుతాను.

పాప సంగతి తేలిక. బిస్కెట్ విరిగిందని ఏడుపు మొదలుపెడితే తనంతట తాను ఆపుకోలేదు. ఎవరో ఒకరు ఎత్తుకుని కిటికీ దగ్గర కాకిని చూపించాలి. అంటే సముదాయించుకునే పని కూడా తన బదులు మనమే చేస్తున్నాం.

ఇంటర్ చదివే మావాడిది ఇంకో రకం. ఆవేశానికి పగ్గాలేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజు తలుపేసుకుంటాడు. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు". ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఒక్క ముక్క రాదు. అదే పాల ప్యాకెట్ల కోసం బండెక్కించుకుని వెళ్తే, నా మొహం కనబడదు కాబట్టి కాబోలు, వెనక నుంచి అన్నీ చెప్పేస్తాడు.

నలభైల్లో ఉన్న మేం మాత్రం అణచుకోవడంలో ఘనులం. ఆఫీసులో నవ్వి, దారిలో హారన్ మీద కసి తీర్చుకుంటాం. పైకి కనబడకుండా దాచినంత మాత్రాన లోపలి బాధ తగ్గదని, పైగా ఒంటి మీద ఒత్తిడి పెరుగుతుందని జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త 1998లోనే ప్రయోగం చేసి చూపించారు. విషయాన్ని ముందే వేరేలా చూడగలిగితే బాధే తగ్గుతుందట. చెప్పినంత సులువు కాదనుకోండి.

ఇక నాన్నగారు. ఒకప్పుడు కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం తోసేసి లేచిపోయేవారు. మొన్నామధ్య ఓ పెళ్లిలో దగ్గరి బంధువు ఒకాయన నలుగురిలో ఎత్తిపొడిస్తే, "పదండి, రెండో బంతికి ఆకులేస్తున్నారు" అని నడిచారు. కోపాన్ని మింగారని అనుకోను. అసలు ఆ గొడవలోకి దిగలేదు, అంతే. మిగిలిన కాలం తక్కువని తెలిసినకొద్దీ మనుషులు మనసుకు దగ్గరైన వాటినే ఎంచుకుంటారని స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్తగా ఉన్న లారా కార్స్టెన్సెన్ చెప్పే సిద్ధాంతం ఇదే.

అయితే తప్పించుకోలేని గొడవ వస్తే? ఊళ్లో పొలం గట్టు తగాదా కోర్టుకెక్కినప్పుడు ఇదే మనిషికి నిద్ర పట్టలేదు, బీపీ మాత్ర మార్చాల్సి వచ్చింది. వదలకుండా వేధించే ఒత్తిడి నుంచి తేరుకోవడం పెద్ద వయసు శరీరానికి కష్టమని సూసన్ చార్ల్స్ అనే పరిశోధకురాలు అంటారు. మా ఇంట్లో అది కళ్లారా చూశాం. మనిషి శాంతంగా కనబడుతున్నారు కదా అని పెద్దవాళ్ల మీద అన్నీ వేసేయడం నాకు నచ్చదు. ఇప్పుడు లాయరు ఫోన్లు నాకే వస్తాయి. నాన్నగారికి పొద్దున టిఫినయ్యాక, తేలినంత వరకే చెబుతాను. రాత్రిపూట ఇంట్లో ఎవరం ఆ ఊసెత్తం.