రొయ్యలు పోతున్నాయి, చేపలు బాగున్నాయి: ట్యాంకు విప్పేముందు రాగి ఎక్కడిదో చూడండి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది ఇది. తొమ్మిది నెలల రీఫ్ ట్యాంకు, అంటే పగడాల జాతి జీవులూ రొయ్యలూ చేపలూ కలిసి ఉండే ఉప్పునీటి అక్వేరియం. నెల తిరగకుండా మూడు రొయ్యలు పోయాయి, నత్తలు అద్దం మీద నుంచి రాలిపడుతున్నాయి, క్లౌన్ చేపలు మాత్రం మేత కోసం ఎగబడుతున్నాయి. పంపు పక్కన రాయి మీద తుప్పు మరక. రాగి పరీక్ష చేస్తే సున్నా. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాలా అని.

విప్పకండి, కనీసం ఇప్పుడే వద్దు. చేపలు బాగుండి రొయ్యలూ నత్తలూ మాత్రమే పోతుంటే, కిట్ సున్నా చూపినా ముందు అనుమానించాల్సింది రాగినే. బరంపురంలో నా 200 లీటర్ల ట్యాంకుకు ఇంచుమించు ఇదే జరిగింది. నేను ట్యాంకంతా వెతికాను. దొంగ మాత్రం వంటింట్లో ఉన్నాడు.

మొదట పోయింది క్లీనర్ రొయ్య. పాత పెంకు విడిచిన రాత్రే పోయింది. పొద్దున చూస్తే రాయి వారన ఖాళీ పెంకు, దాని పక్కనే అదీ. ఆ తర్వాత నత్తలు ఒక్కొక్కటే ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. తిప్పి పెడితే గంటకల్లా మళ్లీ అంతే. జోవాంథిడ్లు (పగడాల జాతికి చెందిన, పువ్వుల్లా తెరుచుకునే మెత్తటి జీవులు) పిడికిలి బిగించినట్టు ముడుచుకుని వారం రోజులు తెరుచుకోలేదు. అమోనియా లేదు, నైట్రైట్ లేదు, ఉప్పునీటి సాంద్రత 1.025, అన్నీ సరిగానే ఉన్నాయి. రాగి కిట్ తెచ్చి పరీక్షిస్తే సున్నా రంగు. నమ్మేశాను. ఆ కిట్ రంగుల పట్టీలో సున్నా తర్వాతి గడి లీటరుకు 0.25 మిల్లీగ్రాములు. ఆ రెంటి మధ్య ఎంత ఉన్నా నా కంటికి సున్నాలాగే కనిపిస్తుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

ఇక వంటింటి సంగతి. ట్యాంకు కోసం మా ఇంట్లో ఆర్వో ఫిల్టరు నీళ్లు రాత్రిపూట పడతాం. నీళ్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము అడుగున చిట్లింది. నేను కొత్తది కొనేలోగా నాన్న అటక మీది రాగి బిందె దించారు. దించి ఊరుకోలేదు, చింతపండు పెట్టి అద్దంలా తోమారు. ప్రతి ఆదివారం తోమేవారు. మనం తాగితే మంచిదైన నీళ్లు వాటికి మాత్రం ఎందుకు చెడ్డవవుతాయి అని ఆయన వాదన. ఆ బిందెలోంచి రోజూ చెంబుతో ముంచి ట్యాంకులో పోసింది ఎవరో కాదు, నేనే. ఆరు వారాలు పోశాను.

ఆర్వో నీటిలో లవణాలూ క్షారగుణమూ దాదాపు ఉండవు, అందుకే ఆ నీళ్లు లోహాన్ని తేలిగ్గా కరిగించుకుంటాయి. బిందె లోపల ఏర్పడే నల్లటి పొర కొంతైనా అడ్డు. చింతపండు ఆ పొరను కూడా తీసేసి ప్రతి వారం కొత్త రాగిని నీటికి అప్పగించింది. రాత్రంతా ఉన్న నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి చేరిందనుకుందాం. ఆవిరైన నీటికి బదులు నేను రోజూ పోసేది 3 లీటర్లు. అంటే రోజుకు 0.6 మిల్లీగ్రాములు, 42 రోజులకు 25 పైచిలుకు. నీరు ఆవిరవుతుంది గాని రాగి ఆవిరి కాదు కదా. 200 లీటర్లకు పంచితే లీటరుకు 0.12 మిల్లీగ్రాములు దాటుతుంది. అందులో కొంత రాళ్లు పీల్చుకుంటాయి, కొంత నీళ్లు మార్చినప్పుడు పోతుంది. అయినా ఈ లెక్క ఎక్కడ తేలిందో చూడండి: తెల్లమచ్చల జబ్బు వచ్చిన చేపలకు వేరే తొట్టెలో వేసే రాగి మందు మోతాదు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. చేపలు తట్టుకునే మోతాదు, నత్తలూ రొయ్యలూ తట్టుకోలేని మోతాదు, నా కిట్ పసిగట్టలేని మోతాదు, మూడూ ఒక్కచోటే పడ్డాయి. మీ చేపలు హుషారుగా ఉండటంలో వింతేమీ లేదు.

నాన్న వాదనలోనూ తప్పు లేదు, మనుషుల వరకు. తాగునీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు రాగి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. బహిరంగ సముద్రంలో మాత్రం లీటరుకు ఒక్క మైక్రోగ్రాము కూడా ఉండదు. విచిత్రమేమిటంటే రొయ్యల రక్తంలో ఆక్సిజన్ మోసేది కూడా రాగి ఉన్న పదార్థమే. వాటికి రాగి కావాలి, కాని అణువంత. కూరలో ఉప్పు కావాలని డబ్బా బోర్లించం కదా.

అందుకే ముందుగా ట్యాంకు నీటిని కాదు, ట్యాంకులోకి వెళ్లే నీటిని పరీక్షించండి. బిందెలో నాలుగు రోజులు నిలవ ఉంచిన నీటికి నా కిట్ రంగు మారింది. ఆర్వో గొట్టం నుంచి నేరుగా పట్టిన నీటికి మారలేదు. దాంతో తేలిపోయింది. మీ ఇంట్లో రాగి బిందె లేకపోవచ్చు. ఇత్తడి కుళాయి, ఇత్తడి జాయింటు, ఉప్పు కలిపే బకెట్టులో ఇత్తడి గరిటె ఉన్నాయేమో చూడండి. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసినదే. మా గంజాం జిల్లా బెల్లగుంఠలో మెలికలు తిరిగే ఇత్తడి చేపలు చేస్తారు, ఎంతో ముద్దుగా ఉంటాయి. అవి షోకేసులో ఉండాలి. ఒక బంధువు అలాంటిదే తెచ్చి నా ట్యాంకులో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అలాగే చిల్లర. ఋషికుల్య వంతెన మీద రైల్లోంచి నాణెం వేసి దండం పెట్టే చేతులకు ఇంట్లోని ట్యాంకు కూడా నీళ్లలాగే కనిపిస్తుంది. పది రూపాయల నాణెం పసుపు అంచులో ఎక్కువ భాగం రాగే.

ఇక మీ తుప్పు మరక. తుప్పు ఇనుముది. ఇనుము రాగి అంత విషం కాదు, నాచును పెంచుతుంది. కాని అక్కడ ఏదో లోహం ఉప్పునీటికి బయటపడిందని ఆ మరక చెబుతోంది. పంపు ఆపి లోపలి తిరిగే అయస్కాంతాన్ని బయటికి తీయండి. ప్లాస్టిక్ తొడుగు మీద గోరు పట్టేంత పగులున్నా, ఉబ్బినా, పారేయండి. అద్దం తుడిచే అయస్కాంతమూ అంతే. వీటిలో వాడే నియోడిమియం అయస్కాంతాలకు సాధారణంగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూత ఉంటుంది. తొడుగు పగిలితే ఉప్పునీరు మొదట తినేది ఆ పూతనే. లైటు స్టాండు మరలు కూడా చూడండి. ఉప్పు పేరుకుని తుప్పు చుక్కలు నీళ్లలోకి కారుతుంటాయి.

ప్లాస్టిక్ సంచిలో అయస్కాంతం పెట్టి ఇసుక మీద తిప్పితే పడిపోయిన మర ఏదైనా ఉంటే అంటుకుంటుంది. గోపాల్‌పూర్ తీరం ఇసుక వేసి ఉంటే మాత్రం నల్లటి రేణువులు గుత్తులుగా వస్తాయి. నాకూ వచ్చాయి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవి ఇల్మెనైట్, మాగ్నటైట్ అనే ఇనుము ఉన్న ఖనిజాలు. ఛత్రపూర్ దగ్గర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తవ్వి తీసేది ఆ ఇల్మెనైట్ ఇసుకనే. నీటిలో దాదాపు కరగవు, మీ రొయ్యల్ని చంపింది అవి కావు. కాకపోతే తుడిచే అయస్కాంతానికి అంటుకుని అద్దాన్ని గీస్తాయి. సముద్రపు నీళ్లు తెచ్చుకునేవారైతే పడవలు ఆగే చోట పట్టకండి. పడవల అడుగున నాచు పట్టకుండా వేసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది.

లోహం ఎక్కడిదో దొరికాక నీళ్లు మార్చండి. నేను మూడు రోజులకోసారి 30 శాతం చొప్పున మూడుసార్లు మార్చాను, పాత నీటిలో మూడో వంతే మిగిలింది. ఆ తర్వాత పాలీ ఫిల్టర్ (నీటిలోని లోహాలను పట్టే మెత్త) ముక్క నీటి ప్రవాహంలో పెట్టాను. రాగి పడితే అది నీలంగా మారుతుంది, ఇనుము పడితే తుప్పు రంగుకు వస్తుంది. నాది నాలుగో రోజుకు నెమలి కంఠం రంగులోకి తిరిగింది. క్యూప్రిసార్బ్ వంటి రాగి పట్టే గుళికలూ పని చేస్తాయి. లోహాలను నిర్వీర్యం చేస్తామనే సీసా మందులు మాత్రం వద్దు. అవి రాగిని కట్టేస్తాయి గాని నీళ్లలోంచి బయటికి తీయవు. దుకాణంలో ఏ మందు ఇచ్చినా ముందు చీటీ చదవండి, దానిలోనే రాగి ఉండవచ్చు.

రాళ్ల దగ్గర ఓపిక పట్టాలి. అవి రాగిని పీల్చుకుని, నీళ్లు శుభ్రపడ్డాక కొద్దికొద్దిగా తిరిగి వదులుతాయి. నేను ఇసుక మొత్తం తీసేశాను, రాళ్లు ఉంచాను, పాలీ ఫిల్టర్ ముక్కలు మారుస్తూ నాలుగు నెలలు నడిపాను. మూడో నెలలో ఒకే ఒక్క నత్తను వదిలాను. మూడు వారాలు అద్దం పట్టుకుని ఉండటం చూశాకే రొయ్యను తెచ్చాను. జోవాంథిడ్లలో సగం తిరిగి తెరుచుకున్నాయి. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు కనుక నా దగ్గర ఎప్పుడూ లేవు. వాటి సంగతి అనుభవంతో చెప్పలేను.

ఇంతా చేసి పాలీ ఫిల్టర్ ముక్క రంగు మారక, రొయ్యలు ఇంకా పోతుంటే అప్పుడు ఐసీపీ అనే ల్యాబు పరీక్షకు నీళ్లు పంపండి. అది ఏ లోహం ఎంత ఉందో మైక్రోగ్రాముల్లో చెబుతుంది. డబ్బు, రోజులు రెండూ పడతాయి కనుక మొదటే దాని జోలికి పోవద్దంటాను. బరంపురం వచ్చే పని ఉంటే ట్యాంకులో రోజూ పోసే నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకు రండి, నా కిట్‌తో ఇద్దరం కలిసి చూద్దాం. రాగి చెంబులో మాత్రం తేకండి.