బడి పట్టికలోని అన్నింటికీ మా అబ్బాయి వెళ్లాలా?

ప్రశ్న: మాది తెనాలి. ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఇంటికి దగ్గరని మా అబ్బాయిని కతోలిక (క్యాథలిక్ క్రైస్తవ) ప్రైమరీ స్కూల్లో ఇయర్ వన్‌లో చేర్పించాం. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా జరిగే కార్యక్రమాల పట్టిక పంపారు. కోతల పండుగ, జపమాల, పూజలు, పాపీ పువ్వులు, విహారయాత్ర, క్రిస్మస్ నాటిక అంటూ ఖాళీ వారమే లేదు. మేము హిందువులం. వీటన్నింటిలో పాల్గొనక తప్పదా? ఖర్చు మాటేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: పట్టికలోనివన్నీ మతపరమైనవి కావు. పాపీ (ఎర్ర గసగసాల) పువ్వులు యుద్ధాల్లో మరణించినవారిని నవంబరు 11న స్మరించుకునేందుకు ధరించేవి. మతంతో నిమిత్తం లేకుండా ఆ దేశంలోని బడులెన్నో ఆ దినాన్ని పాటిస్తాయి. కోతల పండుగకు పిల్లలు తెచ్చే డబ్బా ఆహారం సాధారణంగా లేనివారికి ఉచితంగా ఆహారం పంచే స్థానిక ఫుడ్ బ్యాంకుకు చేరుతుంది కనుక, దానికి సందేహించవలసిన పని లేదు.

ఆలోచించవలసినవి జపమాల ప్రార్థన, దివ్యబలిపూజ (మాస్). పూజలో మీ అబ్బాయి కూర్చున్నా దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన అప్పం) ఇవ్వరు. తక్కిన పిల్లలు ముందుకు వెళ్లేటప్పుడు అతడు తన చోటనే ఉండవచ్చు, లేదా చేతులు ఛాతీపై అడ్డంగా పెట్టుకుని పూజ జరిపే ఫాదర్ ఆశీర్వాదం మాత్రమే పొందవచ్చు. ఆ ప్రసాదాన్ని మొదటిసారి స్వీకరించే ప్రథమ సత్ప్రసాదానికి సాధారణంగా ఇయర్ త్రీలో సిద్ధం చేసేది జ్ఞానస్నానం పొందిన కతోలిక పిల్లలనే.

ఇక హక్కు సంగతి. 1998 నాటి పాఠశాలల చట్టంలోని 71వ సెక్షన్ ప్రకారం, మతబోధన నుంచి గానీ సామూహిక ప్రార్థన నుంచి గానీ, పూర్తిగా లేదా కొంతమేరకు, బిడ్డను మినహాయించమని తల్లిదండ్రులు కోరవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. అయితే కతోలిక బడుల్లో బోధన సమయంలో పదో వంతు మతబోధనకే కేటాయించాలన్నది అక్కడి బిషప్పుల నియమం. పూర్తిగా మినహాయిస్తే ఆ గంటలన్నీ మీ పసివాడు స్నేహితులకు దూరంగా మరో గదిలో గడపవలసి రావచ్చు. నా దృష్టిలో అది పెద్ద శిక్ష. పాఠాలకు కూర్చోనిచ్చి, మీకు ఇబ్బందిగా తోచిన ప్రార్థనలకు మాత్రం మినహాయింపు కోరుతూ టీచరుకు ముందే ఉత్తరం రాయండి. క్రీస్తు పుట్టుకను చూపే క్రిస్మస్ నాటికకు మాత్రం తప్పక పంపండి. గొర్రెల కాపరి వేషానికి తలకు చుట్టే తువ్వాలు చాలు, కొత్త దుస్తులు కొనకండి.

1996 నాటి విద్యా చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బడి, బడివేళల్లో జరిపే విహారయాత్రకు సాధారణంగా స్వచ్ఛంద విరాళమే అడగగలదు; ఇవ్వలేదని మీ బిడ్డను వదిలి వెళ్లకూడదు. చాలినంత సొమ్ము పోగుకాకపోతే యాత్రనే రద్దు చేయవచ్చు గనుక, ఇవ్వగలిగినంత ఇవ్వడం మేలు.

దీపావళి బడి రోజున వస్తే సెలవును ముందుగా రాతపూర్వకంగా కోరండి. 2023లో వెలువడిన కతోలిక మతబోధన మార్గదర్శకంలో ఇతర మతాలతో సంభాషణ కూడా ఒక భాగమే కాబట్టి, తరగతికి వచ్చి మీ పండుగ గురించి చెబుతానని అడిగి చూడండి.