మైనర్‌లో మొదలై మేజర్‌లో...

ప్రశ్న: బీథోవెన్ ఐదో సింఫనీని సి మైనర్ అంటారు కదా, మరి చివరంతా సంబరంగా ఉంటుందేం? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: ఈ నాలుగు భాగాల వాద్యబృంద రచనకు ఆ పేరు మొదటి భాగం స్కేలును, అంటే స్వరాల వరసను బట్టి వచ్చిందమ్మా. మైనర్ వరస కాస్త బరువుగా, మేజర్ వరస వెలుగుగా వినిపిస్తుంది. రెండోది ఎ ఫ్లాట్ మేజర్‌లో నింపాదిగా నడుస్తుంది. నాకు అసలు మజా మూడో భాగం చివర్లోనే. తీగవాద్యాలు ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోతాయి. టింపనీ అనే పెద్ద డోలు మాత్రం సన్నగా సి స్వరాన్ని తడుతూ ఉంటుంది. వయొలిన్లు మెల్లగా పైకి పాకుతాయి. అంతే, మధ్యలో విరామమే లేకుండా నాలుగో భాగం సి మేజర్‌లో విరుచుకుపడుతుంది! అంతదాకా ఊరికే కూర్చున్న ట్రాంబోన్లు, పికొలో, కాంట్రా బసూన్ అనే ఊదే వాద్యాలు అప్పుడే నోరు విప్పుతాయి. 1808 డిసెంబరు 22న వియన్నాలో తొలిసారి విన్నవాళ్లు, పాపం, నాలుగు గంటల కచేరీలో చలికి వణుకుతూ విన్నారు. మీరు ఫోన్లో వింటే ఆ రెండు భాగాల మధ్య ప్రకటన రాకుండా చూసుకోండి. నాకు సరిగ్గా అక్కడే సబ్బుల ప్రకటన తగిలింది.