తోలుగుడ్లు పెడుతున్న పెట్ట లేవలేకపోతోందా? ముందు పొట్ట చూడండి, తర్వాతే కాలు

మీ పెట్ట కొన్నాళ్లుగా తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు, పెడుతోందని, నిన్నటి నుంచి నిలబడలేక చతికిలబడి ఉంటోందని రాశారు. కాలు బెణికి ఉంటే కట్టు కట్టాలా అని అడిగారు. కట్టు సంగతి తర్వాత చూద్దాం. మీరు చెప్పినదాన్ని బట్టి గుడ్ల సమస్య, కాళ్ల సమస్య రెండూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. మా పెరట్లో ఒక పెట్టకి అచ్చం ఇలాగే వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడే తేల్చుకోవాల్సింది ఒకటుంది: లోపల గుడ్డు అడ్డం పడిందా లేదా? కాళ్లకి వెళ్లే నరాలు గుడ్డు దిగే దారి పక్కనుంచే పోతాయి. గుడ్డు అక్కడ ఇరుక్కుని నరాన్ని నొక్కితే కాలు పనిచేయదు, చూసేవాళ్లకి కాలికి దెబ్బ తగిలినట్టే ఉంటుంది. తోక కిందికి వాలిపోయిందా, మాటిమాటికీ ముక్కుతోందా, గూట్లోకి వెళ్లి ఊరికే బయటికి వస్తోందా, రెట్ట సరిగ్గా వేస్తోందా గమనించండి. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని, రొమ్ము ఎముక చివరకీ మలద్వారానికీ మధ్య మెత్తటి భాగాన్ని అరచేత్తో నెమ్మదిగా తడమండి. గట్టిగా గుండ్రంగా తగిలితే గుడ్డే. తగలకపోయినా లేదని తీర్మానించకండి, పెంకు లేని గుడ్డు చేతికి దొరకదు. పొట్టను మాత్రం పిసకొద్దు, నొక్కి బయటికి తీయాలని చూడొద్దు. లోపల పగిలితే ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

అనుమానం ఉంటే గోరువెచ్చటి నీళ్లు నింపిన టబ్బులో, నడుము భాగం మునిగేలా ఒక పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. చాలా కోళ్లు ఆ వెచ్చదనానికి కళ్లు మూసుకుని కదలకుండా ఉంటాయి. తర్వాత ఈకలు పూర్తిగా ఆరబెట్టి, వెచ్చగా, చీకటిగా, సందడి లేని చోట వదిలేయండి. నోటితో ఇచ్చే కాల్షియం ద్రావణం ఉంటే మోతాదు డాక్టర్‌ని అడిగి, ముక్కు పక్కన చుక్క చుక్కగా వేయండి. గొంతులోకి పోస్తే గాలిగొట్టంలోకి పోతుంది. రొప్పుతున్నా, తల మీది ఎర్రటి జుట్టు నల్లబడుతున్నా, వెనకనుంచి ఎర్రటి కండ బయటికి వచ్చినా ఈ ఇంటి వైద్యం పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ లక్షణాలు లేకపోయినా, గుడ్డు ఇరుక్కుని ఒక రోజు దాటితే ఇక ఆగకూడదు. వాళ్లు కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే గుడ్డును జాగ్రత్తగా తీస్తారు.

మా పెట్ట రాత్రికి ముడతలు పడ్డ తోలుగుడ్డు ఒకటి వేసింది. తెల్లారేసరికి లేచి తిరుగుతుందనుకున్నాం, లేవలేదు. నలిగిన నరం అంత త్వరగా కోలుకోదు. పైగా దానికి ఎముకలే గుల్లబారి ఉన్నాయని డాక్టర్ చెప్పాక తెలిసింది. ఆయన చేసిందల్లా రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చివరిదాకా జరపడం. తిన్నగా ఉండాల్సిన ఎముక వంకర తిరిగి ఉంది. మీరూ తడిమి చూడండి.

దీనికి కారణం ఇది. ఒక గుడ్డు పెంకుకి దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు తయారవడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి, కోడి ఏమీ తినని వేళ. కడుపులో నిల్వ లేకపోతే ఎముకల్లోంచి తీసుకుంటుంది. పెట్టల కాలి ఎముకల లోపల అందుకోసమే ఒక పొర ఉంటుంది, అది అయిపోతే అసలు ఎముకే కరగడం మొదలవుతుంది. గుడ్డును బయటికి నెట్టే కండరాలకి కూడా కాల్షియమే కావాలి. అందుకే కాల్షియం తక్కువైన పెట్టకి తోలుగుడ్డు రావడం, అది ఇరుక్కోవడం, కాళ్లు పడిపోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మీరు గింజలు, వంటింట్లో మిగిలినవే వేస్తున్నామన్నారు. అసలు లోటు అక్కడే ఉందనుకుంటున్నాను. గింజల్లో కాల్షియం దాదాపు లేనట్టే. గుడ్లు పెట్టే కోళ్లకి అమ్మే లేయర్ దాణాలో సుమారు 4 శాతం ఉంటుంది. దాణా మార్చడంతో పాటు ఆల్చిప్పల పలుకులు వేరే గిన్నెలో పెట్టండి. మెత్తటి పొడి కంటే పలుకులే మేలు, కడుపులో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా అందుతాయి. ఎవరికి ఎంత కావాలో కోళ్లకి బాగానే తెలుసు, సాయంత్రం పూట పెట్టలు ఆ గిన్నె దగ్గరికి ఎలా చేరతాయో చూడండి. ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులూ పనికొస్తాయి, పెంకు ఆకారం తెలియకుండా నలిపితే చాలు. కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కూడా ఉండాలి. రోజూ కాసేపు నేరుగా ఎండ తగలనివ్వండి, అద్దం కిటికీ వెనక ఎండ లెక్కలోకి రాదు. కోడిపిల్లలకీ పుంజులకీ మాత్రం ఇంత కాల్షియం మంచిది కాదు, పెరుగుతున్న పిల్లలకైతే కిడ్నీలు దెబ్బతింటాయి.

చాలామంది చెప్పనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, గుడ్లు ఆపించడం. రోజూ గుడ్డు పెడుతుంటే ఎంత కాల్షియం వేసినా పెంకులకే పోతుంది, ఎముకకి మిగలదు. వెలుతురు రోజుకి 8 గంటలకి మించకుండా చూస్తే పెట్టలు మెల్లగా గుడ్లు ఆపేస్తాయి. మేము ఆ పెట్టని సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి మార్చేవాళ్లం. గుడ్లు ఆగాకే కాళ్లలో తేడా కనిపించింది.

లేవలేని రోజుల్లో సేవ తప్పదు, అందులో విసుగూ తప్పదు. పాత బట్టకి కాళ్లు దూరేలా రెండు రంధ్రాలు, రెట్టకి ఒకటి చేసి, పెట్టె అంచులకి ఊయలలా కట్టాను. పాదాలు నేలని తాకీ తాకనట్టు ఉండాలి. రోజుకి కొన్నిసార్లు, కాసేపు చాలు. మిగతా సమయం మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి పక్క మారుస్తూ ఉండాలి, లేకపోతే రొమ్ము మీద పుండ్లు పడతాయి. మేత, నీళ్లు ముక్కుకి అందేంత దగ్గరలో పెట్టండి. వెనక భాగం రోజూ కడిగి ఆరబెట్టండి, రెట్ట అంటుకున్న ఈకల్లో ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతాయి. మిగతా కోళ్లు బలహీనమైనదాన్ని పొడుస్తాయి కాబట్టి వేరు చేయాల్సిందే, కానీ జాలీకి అవతల కనపడేలా ఉంచండి. పూర్తిగా దూరం చేస్తే తిరిగి కలిపినప్పుడు కొత్త కోడిలా చూసి తరుముతాయి.

ఇదంతా చదివి కాలు చూడడం మానేయకండి. అరికాలిలో నల్లటి పక్కు, చుట్టూ వాపు ఉంటే అది చీము పట్టిన పుండు, దానికి వేరే వైద్యం. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే పొలుసుల కింద దూరే సన్నటి పురుగు, పెట్రోలియం జెల్లీ కొన్ని వారాలు రాస్తే తగ్గుతుంది. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాచి పడుకుంటే మాత్రం మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. అది ఎక్కువగా ఇంకా ఎదుగుతున్న పెట్టలకి వస్తుంది, మందు లేదు. ఒకటి కాకుండా నాలుగైదు ఒకేసారి కుంటినా, మెడలు తిప్పినా, చచ్చిపోతున్నా ఈ జవాబు మీకు వర్తించదు. వాటిని కదిలించకుండా పశువైద్య అధికారులకి చెప్పండి.

డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే ఆ గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అప్పుడే అడిగేయండి. మా పెట్ట మళ్లీ నడిచింది, కొంచెం కుంటు మిగిలిపోయింది. గుడ్లు మునుపటికంటే తక్కువే, పెంకు మాత్రం గట్టిగా ఉంటోంది. దాని కోసం రాత్రి ఎక్కి పడుకునే దండెం నేలకి దగ్గరగా దించాం.

మీ పెట్ట వయసెంత, చివరి గుడ్డు ఎప్పుడు పెట్టింది, రొమ్ము ఎముక తడిమితే ఎలా ఉంది, ఈ మూడూ రాయండి.