గ్యాస్ డ్రయ్యరు చెడితే తప్పంతా పీచుదేనా?

ప్రశ్న: మాది విజయనగరం. ఇంట్లో ఎనిమిది మందిమి ఉంటాం. వానాకాలంలో బట్టలు ఆరక ఇబ్బంది పడుతున్నామని 2024 ఆగస్టులో విశాఖపట్నంలోని ఒక డీలరు దగ్గర విదేశంలో తయారైన గ్యాస్ డ్రయ్యరును 96,000 రూపాయలకు కొన్నాం. రెండేళ్ల వారంటీ ఇచ్చారు. డీలరు మనిషే వచ్చి మా వంటగ్యాస్ సిలిండరుకు బిగించి వెళ్లాడు. 2025 అక్టోబరులో, సిరిమానోత్సవానికి బంధువులు వచ్చినప్పటి నుంచి, మొదటి విడత బట్టలు ఆరుతున్నాయి, రెండో విడతకు వేడి రావడం లేదు. గంటసేపు ఆపితే మళ్లీ వేడెక్కుతోంది. బట్టల మీద నల్లటి చారలు పడి రెండు పొందూరు ఖద్దరు పంచెలు పాడయ్యాయి. మెకానిక్ మొదటిసారి వచ్చినప్పుడు ఏదో విడిభాగం మార్చాడు గానీ కాగితం ఇవ్వలేదు. రెండోసారి ‘బట్టల పీచు పేరుకుని థర్మల్ ఫ్యూజు కాలిపోయింది, వినియోగదారుడి నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు’ అని స్లిప్పు రాసి 18,000 రూపాయలు అడిగాడు. ఆ మర్నాడు కూడా ఒక విడత బట్టలు ఆరాయి. ఫిల్టరు మేము ప్రతిసారీ శుభ్రం చేయని మాట నిజమే. మాకు న్యాయం జరుగుతుందా? కేసు కోసం విశాఖపట్నం తిరగాలా? ఈలోగా ఊళ్లోని స్టవ్ మెకానిక్‌తో బాగుచేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కేసు సంగతికి ముందు ఒక మాట. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆ యంత్రాన్ని వాడటం ఆపి, దానికి వెళ్లే గ్యాసును కట్టివేయండి. బట్టల మీద నల్లటి చారలు పడుతున్నాయంటే లోపల మంట సరిగా మండటం లేదని అర్థం. గ్యాసు అరకొరగా మండినప్పుడు మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు కనుక మూసిన గదిలో అది ప్రాణాంతకం. ఎప్పుడైనా గ్యాసు వాసన తగిలితే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, 1906 నంబరుకు ఫోను చేయండి. వంటగ్యాసు గాలి కంటే బరువైనది కాబట్టి నేలబారుగా నిలుస్తుంది. పై కిటికీ ఒక్కటి తెరిస్తే చాలదు.

ఇక వివాదం విషయానికి వస్తే, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు లోపాలు కలిసిపోయి ఉన్నాయి, మెకానిక్ ఆ రెంటినీ పీచు అనే ఒక్క కారణం కిందికి తెచ్చాడు. వాటిని విడదీసి చూపగలిగితే మీ కేసు నిలబడుతుంది, లేకపోతే వారంటీ షరతు ముందు తేలిపోతుంది.

మొదటిది, వేడి ఆగిపోవడం. థర్మల్ ఫ్యూజు అంటే యంత్రం మితిమీరి వేడెక్కితే కరెంటును తెంచే చిన్న భాగం; అది ఒకసారి కాలిపోతే మళ్లీ దానంతట అది అతుక్కోదు. కొత్తది వేసేదాకా కొన్ని యంత్రాల్లో డ్రమ్మే తిరగదు, మరికొన్నింటిలో డ్రమ్ము తిరిగినా వేడి రాదు. కాలిపోయిందని స్లిప్పులో రాసిన మర్నాడు మీ బట్టలు ఆరాయంటే ఆ రాత నిజం కాదన్నమాట. ఒక్క కాగితంతో అవతలివారి వాదన ఇంతగా బలహీనపడటం అరుదు కనుక ఆ స్లిప్పును భద్రంగా దాచండి. అయితే అంతటితో మీరు గెలిచినట్టు కాదు. గాలి ఆడక యంత్రం మితిమీరి వేడెక్కితే హైలిమిట్ థర్మోస్టాట్ అనే మరో భాగం మంటను ఆపుతుంది, చల్లారాక మళ్లీ వెలగనిస్తుంది. అంటే పీచు వల్ల కూడా మీరు చెప్పిన లక్షణమే కనిపించవచ్చు. గ్యాస్ వాల్వును తెరిచే కాయిల్స్ బలహీనపడినా సరిగ్గా ఇలాగే, కాయిల్ వేడెక్కాక గ్యాసు రాకుండా పోతుంది. ఈ రెంటికీ తేడా మంట అంటించే ఇగ్నైటరు దగ్గర తెలుస్తుంది. అది ఎర్రబడి, మంట అంటుకోక ఆరిపోయి, మళ్లీ ఎర్రబడుతూ ఉంటే అనుమానించవలసింది కాయిల్‌ను. అసలు ఎర్రబడకపోతే థర్మోస్టాట్‌నో ఇగ్నైటరునో చూడాలి. మెకానిక్ ఈ పరీక్ష చేశాడా, మొదటిసారి మార్చిన భాగం కాయిలేనా అన్నవి మనం అడిగించవలసిన ప్రశ్నలు. మీరు మాత్రం ఆ పరీక్ష కోసం యంత్రాన్ని వెలిగించకండి.

రెండోది మసి, నా దృష్టిలో మీ కేసుకు అసలు బలం ఇదే. విదేశాల్లో తయారయ్యే గృహోపయోగ గ్యాస్ డ్రయ్యర్లు సాధారణంగా పైపులైను ద్వారా వచ్చే సహజవాయువుకు సరిపోయేలా అమర్చి వస్తాయి. వాటిని సిలిండరు గ్యాసుకు వాడాలంటే బర్నరు నాజిల్ మార్చి చిన్న రంధ్రం ఉన్నది బిగించాలి, దానికి కంపెనీ ఇచ్చే మార్పిడి కిట్టు విడిగా ఉంటుంది. అదే పరిమాణంలో సిలిండరు గ్యాసు ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చేదానికి రెట్టింపుకు పైగా ఉంటుంది కనుక, పాత నాజిల్‌తోనే నడిపితే గ్యాసు ఎక్కువై, దానికి తగిన గాలి అందక, నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా మారి మసి కక్కుతుంది. యంత్రం తలుపు దగ్గరో వెనకవైపో ఉండే రేటింగ్ పలక మీద ఏ గ్యాసుకు ఉద్దేశించినదో రాసి ఉంటుంది. దాన్ని చదవగలిగేలా ఫోటో తీయండి. అక్కడ సహజవాయువు అని ఉండి, మార్పిడి చేసినట్టు డీలరు దగ్గర కాగితం లేకపోతే, ఆ తప్పు మీ ఫిల్టరుది అనడానికి వీలు లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షను 2(10) వస్తువులోని లోపాన్ని, సెక్షను 2(11) సేవాలోపాన్ని నిర్వచిస్తాయి. యంత్రం బాగుచేయించడం, మార్పించడం, డబ్బు వెనక్కి ఇప్పించడం ఈ రెంటి ఆధారంగా సెక్షను 39 కింద కోరవచ్చు. పాడైన పంచెల విషయం వేరు. అది ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) కిందికి వస్తుంది, ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే యంత్రానికి కలిగిన నష్టం కాదు, యంత్రం వల్ల మీకో మీ ఇతర ఆస్తికో కలిగిన నష్టం. ఫిర్యాదులో ఈ రెంటినీ కలిపి రాస్తే అవతలి న్యాయవాదికి మనమే దారి ఇచ్చినట్టవుతుంది. పొందూరు ఖద్దరును అసలు డ్రయ్యరులో వేయవచ్చా అని కూడా వారు అడుగుతారు. తువాళ్ల మీదా దుప్పట్ల మీదా అవే చారలు ఉంటే వాటినీ ఉతక్కుండా దాచిపెట్టండి.

తయారీదారు విదేశంలో ఉన్నాడని దిగులు పడనక్కర లేదు. సెక్షను 2(37) ప్రకారం వస్తువును అమ్మినవాడే కాదు, దిగుమతి చేసినవాడు, బిగించినవాడు, మరమ్మతు చేసినవాడు కూడా విక్రేతే. సెక్షను 86 ప్రకారం, బిగించడంలో గానీ తనిఖీలో గానీ నిర్వహణలో గానీ తగిన జాగ్రత్త తీసుకోని విక్రేత, ప్రమాదాల గురించీ సరైన వాడకం గురించీ తయారీదారు ఇచ్చిన సూచనలను కొన్నవారికి అందించని విక్రేత, తయారీదారు కాకపోయినా బాధ్యుడవుతాడు. తయారీదారుకు నోటీసు అందించడం సాధ్యం కాని సందర్భంలోనూ అంతే. కనుక డీలరును, దిగుమతిదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

ఫిల్టరు సంగతి దాచవద్దు. ప్రతి విడత తరువాత ఫిల్టరు మీది పీచు తీయడం వాడేవారి పనే, మన నూలు బట్టలకు పీచు మరీ ఎక్కువ. ప్రమాణపత్రంలో రోజూ శుభ్రం చేశామని రాసి, రేపు విప్పి చూసినప్పుడు గుప్పెళ్ల కొద్దీ పీచు బయటపడితే, నిజమైన మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. శుభ్రం చేయడంలో మా వైపు కొంత లోపం ఉంది, అయితే మసికి కారణం అది కాదు అని రాయడమే మేలు. పరిహారం కొంత తగ్గవచ్చు గానీ కేసు పోదు. గాలి గొట్టం మాట మరొకటి. దాన్ని ఎంత పొడవున, ఎన్ని వంపులతో అమర్చాలో నిర్ణయించినది బిగించిన మనిషి. ముడతలు పడే పలుచని రేకు గొట్టాన్ని వంపులు తిప్పి వేస్తే, ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉన్నా ముడతల్లో పీచు నిలుస్తుంది. నున్నటి లోహపు గొట్టం, వీలైనంత తక్కువ వంపులు, వీధి వైపు తెరుచుకునే మూత ఉండాలి. ఏడాదికి ఒకసారైనా లోపల శుభ్రం చేయించాలి. ఇప్పుడున్న గొట్టాన్ని కదపకుండా, కొలత పట్టీ పక్కన పెట్టి ఫోటోలు తీయండి.

ఊళ్లోని స్టవ్ మెకానిక్ చేత విప్పించవద్దు. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా విక్రేతకు సెక్షను 87 కింద రక్షణ దొరుకుతుంది; పైగా నాజిల్ తీసి పారేస్తే మన సాక్ష్యమే పోతుంది. పరీక్ష లేనిదే లోపం తేలని సందర్భంలో తగిన ప్రయోగశాలకు పంపే అధికారం సెక్షను 38(2)(సి) కింద వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఇంత పెద్ద యంత్రాన్ని పంపడం కష్టం కనుక, మీ ఊళ్లోనే ఉన్న జె.ఎన్.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయం వంటి చోట మెకానికల్ విభాగపు నిపుణుణ్ణి నియమించి, ఇరుపక్షాల సమక్షంలో మీ ఇంట్లోనే తనిఖీ చేయించమని దరఖాస్తు పెట్టండి. ఖర్చు మొదట మీరే కట్టవలసి రావచ్చు. నన్నడిగితే, ఈ కేసులో వృథా కాని ఖర్చు అదే.

విశాఖపట్నం తిరగనక్కర లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే దాఖలు చేసుకునే వీలును సెక్షను 34(2)(డి) ఇస్తుంది కనుక విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి, లేదా వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయండి. కొన్న ధర 5 లక్షల రూపాయలకు లోపు కాబట్టి రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ప్రతివాది జవాబుకు 30 రోజులు, మరీ అయితే ఇంకో 15 రోజులు గడువు. ఆపైన పొడిగించే వీలు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పాత చట్టంలోని ఇలాంటి నిబంధన మీద 2020 మార్చిలో తేల్చింది. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో ముగించాలని చట్టం అంటుంది గానీ, ఆచరణలో అంతకంటే ఆలస్యమవుతుందని అనుకునే బయలుదేరండి. వారంటీ షరతు అన్యాయమైన ఒప్పందం అని మాత్రం ఫిర్యాదులో రాయకండి. ఆ అభియోగాన్ని వినే అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌ది కాదు.

సిలిండరు గురించి ఒక హెచ్చరిక. గృహావసర సిలిండరును వ్యాపారానికి వాడటం 2000 నాటి ఎల్.పి.జి. సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వును అతిక్రమించడమే, దానికి 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద శిక్ష ఉంటుంది. మీది వ్యాపారం కాదు, నిజమే. అయినా 14.2 కిలోల సిలిండరు ఇచ్చింది వంటకు. అవతలివారు దీన్ని తప్పక లేవనెత్తుతారు కనుక, యంత్రం బాగుపడ్డాక దానికి 19 కిలోల వాణిజ్య కనెక్షను విడిగా తీసుకోండి, వంటింటి సిలిండరు నుంచి రెండో గొట్టం లాగవద్దు. వంటగ్యాసుకే బిగించినది డీలరు మనిషే అన్న విషయం మాత్రం ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి.

ముందుగా డీలరుకు, దిగుమతిదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మార్పిడి కిట్టు వేసినట్టు రుజువు, మొదటిసారి మార్చిన భాగం పేరు, బిగించిన నాటి నివేదిక పదిహేను రోజుల్లో ఇవ్వమని అందులో అడగండి. వారు మౌనంగా ఉన్నా అది మనకే ఉపయోగం. డీలరుతో జరిగిన వాట్సాప్ సంభాషణలను చెరిపివేయవద్దు. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షను 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. ఫిర్యాదుకు సెక్షను 69 ఇచ్చిన గడువు రెండేళ్లు. నోటీసులు, ఉత్తరాలు ఆ గడువును పెంచవు. స్లిప్పు తేదీ నుంచి కాక లోపం మొదట కనిపించిన 2025 అక్టోబరు నుంచే లెక్కపెట్టుకుని, 2027 అక్టోబరు దాకా ఆగకుండా, నోటీసు గడువు ముగిసిన నెలలోనే దాఖలు చేయండి.