టెక్ సందేహాలు: ముందు గది, తర్వాతే మైక్

ప్రశ్న: మిక్సింగ్ (విడివిడిగా రికార్డయిన శబ్దాలను కలిపి సరిచేయడం) సొంతంగా నేర్చుకున్నాను. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. మంచి కండెన్సర్ మైక్ కొని రికార్డింగ్ స్టూడియో మొదలుపెట్టాలని ఉంది. ఏ మైక్ తీసుకోవాలి? దీన్నే నమ్ముకుని బతకొచ్చా?

జవాబు: ముందు ఆ గది మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక కూడా సన్నగా కంచు మోగినట్టు వినిపిస్తే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం కొట్టుకుంటోందన్నమాట. కండెన్సర్ చిన్న శబ్దాలనూ పట్టే సున్నితమైన మైక్. అది ఎంత మంచిదైతే ఆ మోత కూడా అంత స్పష్టంగా రికార్డవుతుంది.

పలచటి ఫోమ్ ముక్కలు అతికిస్తే సరిపోదు. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. అంగుళం మందం ఫోమ్‌ను అది లెక్కే చేయదు. నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు) పలకలను చెక్క ఫ్రేముల్లో బిగించి, గుడ్డ చుట్టి మూలల్లో, పక్క గోడల మీద పెట్టండి. ఇవి గదిలోని మోతను తగ్గిస్తాయి తప్ప బయటి రొదను ఆపవు. దానికి తలుపులు, కిటికీల సందులు మూయాల్సిందే. అంతవరకూ, దూరపు శబ్దాలను తక్కువగా పట్టే డైనమిక్ మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని పని నడిపించొచ్చు. దాని సిగ్నల్‌ను ఎక్కువగా పెంచాలి (గెయిన్) కాబట్టి, మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్‌లో ఆ పని చేసే ప్రీయాంప్ బాగుండాలి. సాఫ్ట్‌వేర్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ట్రయల్‌గా వాడి చూడొచ్చు.

ఇక బతుకుదెరువు. పాటల మిక్సింగ్ ఒక్కటే నమ్ముకోవద్దని నా సలహా. అక్కడ పోటీ ఎక్కువ, నచ్చడం నచ్చకపోవడం తేలేసరికి నెలలు గడుస్తాయి. ఆడియోబుక్స్, పాడ్‌కాస్ట్ ఎడిటింగ్, ఆన్‌లైన్ పాఠాలకు వాయిస్ రికార్డింగ్ లాంటివాటిలో హంగు తక్కువే కానీ, పని నచ్చితే అదే క్లయింట్ మళ్లీ మళ్లీ వస్తాడు.

అయితే అక్కడ కొలతలు కచ్చితంగా ఉంటాయి. ఆడియోబుక్స్ తీసుకునే ఏసీఎక్స్ అనే వెబ్‌సైట్ నిబంధనలే చూడండి (ఇక్కడ సున్నా అంటే గరిష్ఠ స్థాయి, మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ శబ్దం తక్కువ): సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, పీక్ (అన్నిటికంటే ఎత్తైన శబ్దం) మైనస్ 3 దాటకూడదు, నిశ్శబ్దంలో నాయిస్ మైనస్ 60కి మించకూడదు. మీ గొంతు మైనస్ 35 దగ్గర రికార్డయిందనుకోండి. గదిలో ఫ్యాన్, లాప్‌టాప్ హోరు మైనస్ 70. వినడానికి బాగానే ఉంటుంది. గొంతును మైనస్ 20కి తేవాలని 15 డెసిబెల్స్ పెంచగానే హోరు కూడా మైనస్ 55కి లేస్తుంది. ఫైల్ తిరిగొచ్చేస్తుంది! అందుకే మైక్‌కు దగ్గరగా మాట్లాడుతూ, 24 బిట్ సెట్టింగ్‌లో పీక్స్ మైనస్ 10 చుట్టూ ఉండేలా రికార్డ్ చేయండి, లాప్‌టాప్‌ను మైక్‌కు దూరంగా పెట్టండి.

రేటు చెప్పేటప్పుడు పూర్తయిన ఒక గంట ఆడియోకు మీకు ఎన్ని గంటలు పడుతుందో ముందే ఒక ఫైల్ మీద లెక్కేసుకోండి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎన్నిసార్లు మార్పులు ఉచితం, అడ్వాన్స్ ఎంత, ఒరిజినల్ సెషన్ ఫైల్స్ (మీరు ఎడిట్ చేసిన ప్రాజెక్ట్ ఫైల్స్) ఎవరివి అన్నవి మెయిల్‌లో రాసుకోండి. స్నేహితుడి పనైనా సరే. ఫైల్స్ మూడు కాపీలుండాలి, వాటిలో ఒకటి స్టూడియో బయట. డెమో అడిగితే మీ పాత పనులన్నీ పంపే బదులు, వాళ్ల ఫైల్‌లోంచే ఒక నిమిషం బాగుచేసి పంపండి. బేరం తొందరగా తెగుతుంది.

ప్రశ్న: నాయిస్ తీసేసే ఏఐ టూల్స్ వచ్చేశాయి కదా, ఇంక ఇంజినీర్ ఎందుకు?

జవాబు: ఒకే తీరుగా వచ్చే హోరును అవి బాగానే తీసేస్తాయి. గది మోత ఎక్కువైతే మాత్రం మాటల చివరి అక్షరాలను మింగేస్తుంటాయి. పూర్తి మోతాదులో కాక సగంలో వాడి, హెడ్‌ఫోన్స్‌లో మాటల చివర్లు విని చూడండి. అరిగినట్టు అనిపించిన చోట ఒరిజినల్ ముక్కే తిరిగి అతికించండి.