ప్లాట్‌ఫారం సముద్రంలో, నేను హనుమకొండలో: డిజిటల్ ట్విన్ నిజంగా పనికొస్తుందా?

ప్రశ్న: నేను వరంగల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సముద్రంలోని ఆయిల్, గ్యాస్ ప్లాట్‌ఫారాల నిర్వహణకు డిజిటల్ ట్విన్, అంటే కంప్యూటర్‌లో కట్టిన వాటి నకలు, వాడతారని విన్నాను. అది నిజంగా పనికొస్తుందా, లేక చూపించుకోవడానికి చేసే త్రీడీ బొమ్మేనా? సముద్రమే లేని మన ఊళ్ళో కూర్చుని ఆ పని చేయవచ్చా?

జవాబు:

పనికొస్తుంది. మన ఊళ్ళో కూర్చుని చేయవచ్చు కూడా. తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. అయితే ఆ బొమ్మను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో తెలుసుకుని ఈ రంగంలోకి రావాలని నా మనవి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది గోదావరిఖని. నాన్న రామగుండం థర్మల్ కేంద్రంలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. రాత్రి షిఫ్టు అయిపోయినా ఒక్కోసారి గంట దాటేదాకా ఇంటికి వచ్చేవారు కాదు. తరువాతి షిఫ్టు మనిషి లాగ్‌బుక్కు చదివి, ఏ పంపు ఆపి ఉందో, ఏ వాల్వుకు తాళం వేసి ఉందో తన నోటితో తిరిగి చెబితేగాని ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. అమ్మ కోప్పడితే, “నేను రాశాను సరే, అతనికి అందిందో లేదో చూసుకోవద్దా?” అనేవారు.

1988 జూలై 6 రాత్రి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారంలో జరిగిన దాని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ కుర్చీయే గుర్తొచ్చింది. అక్కడ కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే పలచని నూనె) పంపులు రెండు ఉండేవి. పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును తనిఖీ కోసం విప్పి, ఆ చోట పైపు మూతికి ఒక బ్లైండ్ ఫ్లాంజ్ (మూతలాంటి ఇనుప బిళ్ళ) పెట్టారు. పంపు మరమ్మతుకు ఒక పర్మిట్ (పని చేయడానికి ఇచ్చే రాతపూర్వక అనుమతి), వాల్వు పనికి వేరే పర్మిట్. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. కంట్రోల్ రూములో ఉన్నవారికి పంపు పర్మిట్ తెలుసు, వాల్వు విప్పి ఉందన్న సంగతి మాత్రం చేరలేదు. మొదటి పంపును స్టార్ట్ చేశారు. ఆ ఫ్లాంజ్ దగ్గర గ్యాస్ బయటపడి పేలింది. 167 మంది చనిపోయారు. స్కాట్లాండ్ న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ జరిపిన విచారణ ఆ తరువాత 106 సిఫార్సులు చేసింది.

ఇప్పుడు బాగా కట్టిన డిజిటల్ ట్విన్‌లో ఆ పంపు బొమ్మ మీద వేలు పెడితే దానితో ముడిపడిన పర్మిట్లన్నీ, విప్పి ఉన్న వాల్వులన్నీ, వేసిన తాళాలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. రంగురంగుల త్రీడీ దృశ్యాలకంటే నాకు ఇదే విలువైనది. వంద మంది ఒకేసారి చదవగలిగే లాగ్‌బుక్కు అది.

ఇక ట్విన్ అంటే ఏమిటన్నది క్లుప్తంగా. ఇందులో మూడు పొరలుంటాయి. మొదటిది ఆకారం: లేజర్ స్కానర్‌తో ప్లాట్‌ఫారమంతా కొలిచి, కోట్ల చుక్కలతో తయారుచేసేది. రెండోది రీడింగులు: పీడనం, ఉష్ణోగ్రత, కంపనం కొలిచే ప్రతి పరికరానికీ ఒక ట్యాగ్ నంబరు ఉంటుంది, ఆ నంబరు ద్వారా అంకెలు బొమ్మలోని సరైన చోటికి వచ్చి చేరతాయి. మూడోది లెక్క: ఈ పీడనానికి ఈ పైపులో ఎంత ప్రవాహం ఉండాలి, ఈ పంపు ఎంత కరెంటు తీసుకోవాలి అన్న భౌతికశాస్త్రం. మూడో పొర లేకపోతే మీరు అనుమానించినట్టు అది బొమ్మే. ఈ ఆలోచనను 2002లో మైకేల్ గ్రీవ్స్ అనే ఆచార్యుడు అమెరికాలో ప్రతిపాదించారు. డిజిటల్ ట్విన్ అన్న పేరు 2010 ప్రాంతంలో నాసా వాళ్ళ దగ్గర స్థిరపడింది.

సముద్రంలోనే దీని అవసరం ఎందుకంత ఎక్కువ? మన కృష్ణా గోదావరి బేసిన్‌నే తీసుకోండి. కాకినాడ తీరానికి అవతల కేజీ డీ6 బ్లాకులో 2020 డిసెంబరులో గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టిన ఆర్ క్లస్టర్ బావులు దాదాపు 2,000 మీటర్ల నీటి అడుగున ఉన్నాయి. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున అక్కడ 200 రెట్లు ఉంటుంది. మనిషి ఆ లోతుకు ఈదుకుంటూ వెళ్ళలేడు, రోబో వాహనాలే దిగాలి. నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. అంత చలిలో, అంత పీడనంలో గ్యాస్‌తో పాటు వచ్చే నీటి తడి మీథేన్‌తో కలిసి మంచుగడ్డలా గట్టిపడి పైపును మూసేస్తుంది. దాన్ని హైడ్రేట్ అంటారు. అది కట్టకుండా గ్లైకాల్ అనే రసాయనం కలుపుతూ ఉండాలి. ఎంత కలపాలి అన్నది కళ్ళతో చూసి చెప్పే వీలు లేదు. కొద్దిపాటి సెన్సార్లు, మిగతాదంతా లెక్కే.

మనకూ ఆ తీరానికీ ఏమిటి సంబంధం అనుకోవద్దు. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో మళ్ళీ ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు అది గ్యాస్ కర్మాగారం. కాకినాడ దగ్గరి తీరాన మల్లవరం నుంచి బయలుదేరే పైపులైనే దానికి ఆధారం. మా నాన్న పొలంలో చల్లే యూరియా బస్తా వెనక ఆ పైపులైను ఉందని తెలిసిన రోజు నుంచి ఈ పని నాకు దూరపు పనిలా అనిపించలేదు.

ట్విన్ చేసిన మేలు ఒకటి చెబుతాను. బావి తల దగ్గర చోక్ అనే వాల్వు ఉంటుంది. బావి నుంచి ఎంత గ్యాస్ వదలాలో దానితోనే నియంత్రిస్తారు. ప్రతి బావికీ విడిగా మీటరు ఉండదు కాబట్టి చాలాచోట్ల ప్రవాహాన్ని లెక్కగడతారు. మేము ఒకే బావికి రెండు దారుల్లో లెక్కగట్టేవాళ్ళం. అడుగు నుంచి పైకి వచ్చేసరికి పీడనం ఎంత తగ్గిందో చూసి ఒక లెక్క. చోక్‌కు అటూ ఇటూ పీడనాల తేడా, చోక్ ఎంత తెరిచి ఉందన్నది చూసి ఇంకో లెక్క. రెండూ దగ్గరదగ్గరగా రావాలి. ఒక బావిలో వారం వారం తేడా పెరుగుతూ పోయింది. అదీ ఎప్పుడూ ఒకే వైపు: చోక్ లెక్క తక్కువ, అడుగు లెక్క ఎక్కువ.

పీడనం కొలిచే పరికరం దారి తప్పిందేమోనని ముందుగా దాన్నే అనుమానించాం. ప్లాట్‌ఫారం వాళ్ళు సరిచూశారు, బాగానే ఉంది. తరువాతి అనుమానం నా మోడల్ మీద. గ్యాస్ కూర్పు, ఉష్ణోగ్రత అన్నీ మళ్ళీ పెట్టి చూశాను, తేడా పోలేదు. అప్పుడు తట్టింది మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువు తూము. తూము అంచులు నీళ్ళకు అరిగిపోతే, తలుపు మునుపటి అంతే ఎత్తినా కాలువలోకి నీళ్ళు ఎక్కువ పోతాయి. నీరటి కాలువ మట్టం చూసి ఆ సంగతి పసిగడతాడు. ఇక్కడ అరగదీస్తున్నది ఇసుక. పైపుకు బిగించి ఇసుక రాపిడి శబ్దాన్ని పట్టే సెన్సారు రికార్డులు తీసి చూస్తే, తేడా మొదలైన వారాల్లోనే ఆ శబ్దం పెరిగింది.

తరువాతి షట్‌డౌన్‌లో, అంటే ఉత్పత్తి ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో, చోక్ విప్పారు. లోపలి భాగం ఫోటో పంపారు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు ఒక పక్కకు సాగి చింతగింజల్లా అయ్యాయి. గట్టి కార్బైడ్ అంచు తమలపాకు అంచంత పలచబడింది. అలాగే వదిలేస్తే ఆ ఇసుక ముందున్న పైపు వంపును కోసుకుంటూ పోయేది, ఆ వంపు వెనక ఉన్నది అధిక పీడనంలోని గ్యాస్. ఆ ఫోటో ఇప్పటికీ నా బల్ల ముందు గోడకు ఉంది.

ఇక కీడు. ఇది నా చేతి మీదుగా జరిగింది, కాబట్టి దాచకుండా రాస్తాను. గల్ఫ్‌లో ఒక ప్లాట్‌ఫారం. పైపుల తుప్పు తనిఖీకి పరంజా కట్టాలి. ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలో మోడల్ చూసి నేనే ప్లాన్ గీశాను. ఆరుగురు పనివాళ్ళు పడవ మీద వెళ్ళి కట్టడం మొదలుపెడితే, చెక్కలు పరవాల్సిన చోట అడ్డంగా ఒక పైపు. లేజర్ స్కాన్ అయిపోయాక జరిగిన ఒక షట్‌డౌన్‌లో రెండంగుళాల డ్రెయిన్ లైను కొత్తగా వేశారు. ఎర్ర కలంతో దిద్దిన డ్రాయింగు ఏడు నెలలుగా ఆఫీసు ఫైల్లో ఉంది. మా మోడల్‌లోకి రాలేదు. వాళ్ళు పంపలేదు, మేము అడగలేదు.

అక్కడి సూపర్‌వైజరు గ్యాస్ ప్రాంతంలో వాడటానికి అనుమతి ఉన్న ట్యాబ్లెట్‌తో వీడియో కాల్ చేశాడు. నా మాట తీరు విని వెనక నుంచి పరంజా మేస్త్రి, “మీది మన వైపేనా సార్?” అన్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి, పద్నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. చేతి తొడుగుతోనే పైపుకూ పక్కనున్న దూలానికీ మధ్య చెయ్యి పెట్టి, “చూడండి, జానెడు కూడా లేదు. చెక్క ఎలా పడుతుంది? కంప్యూటర్‌లో ఈ పైపు లేదా?” అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. “లేదన్నా, తప్పు మాదే” అన్నాను. ప్లాన్ మార్చేసరికి సముద్రం లేచింది. రెండు రోజులు వాళ్ళు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. ఆ ప్లాన్ పరంజాకు కాకుండా పైపు కోతకు గీసి ఉంటే? ఆ తలంపుతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మా బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మోడల్‌లోని ప్రతి భాగం మీద, అక్కడి ఇనుముతో చివరిసారి ఎవరు, ఏ తేదీన సరిచూశారో రాసి ఉంటుంది. గడువు దాటితే ఆ భాగం బూడిద రంగులోకి మారుతుంది. బూడిద రంగు భాగం మీద కొత్త ఫోటో లేకుండా ఏ ప్లానూ గీయకూడదు. ఆ ఫోటోలు పంపేవాళ్ళలో ఆ మేస్త్రి ముందుంటాడు. ఇంజినీర్లు ఎవరూ చూడని రెండు తేడాలు ఆయన పట్టుకున్నాడు. అమ్మకానికి వచ్చిన ఏ డిజిటల్ ట్విన్‌నైనా నేను ముందుగా అడిగేది ఈ తేదీ గురించే. సమాధానం చెప్పలేకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా నేను పక్కన పెడతాను.

రీడింగులు ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద, బావి గట్టిగా మూసుకుందా అని చూసే పరీక్షలో డ్రిల్ పైపు 1,400 పీఎస్ఐ పీడనం చూపించింది, పక్కన అదే బావికి కలిసే కిల్ లైను అనే గొట్టం సున్నా చూపించింది. ఆ రెంటికీ పొత్తు కుదరదు. అక్కడివారు ఏదో ఒక కారణం చెప్పుకుని పరీక్ష సఫలమైందనుకున్నారు. ఆ రాత్రి 11 మంది చనిపోయారు. రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఆగి అడిగే మనిషి లేకపోతే ట్విన్ ఉన్నా ఇదే జరుగుతుంది.

దూరం నుంచి నడపడం సంగతికొస్తే, నార్వేలో ఐవార్ ఆసెన్ ప్లాట్‌ఫారాన్ని 2019 జనవరి నుంచి ట్రాండ్‌హైమ్ నగరంలోని కంట్రోల్ రూము నుంచి నడుపుతున్నారు. సముద్రం మీద మనుషులు లేరని కాదు, కంట్రోల్ కుర్చీ నేల మీదికి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్పత్తి మొదలుపెట్టిన యోహాన్ స్వెర్‌డ్రప్ క్షేత్రంలో సిబ్బంది ట్యాబ్లెట్‌లో ట్విన్‌ను పట్టుకుని తిరుగుతారు. మనం హనుమకొండలో చేసేది నడపడం కాదు. మోడల్ కట్టడం, సరిచూడటం, తేడాలు పట్టడం. ప్లాట్‌ఫారం నుంచి డేటా బయటికి మాత్రమే వచ్చే ఏర్పాటు ఉంటుంది, ఇక్కడి నుంచి వాల్వు తిప్పే దారి ఉండదు. అలా ఉండటమే మంచిది.

అయితే ఒక్కసారైనా అక్కడికి వెళ్ళండి. అందుకు ఈత కొలనులో, తలకిందులైన హెలికాప్టరు నమూనాలోంచి బయటపడే శిక్షణ తప్పనిసరి. నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు మొదటిసారి వెళ్ళాను. కాళ్ళ కింద జల్లెడలాంటి ఇనుప నేల, దాని సందుల్లోంచి కింద నురగలు కక్కే నీళ్ళు, చెవులకు రక్షణ పెట్టుకున్నా ఛాతీలో మోగే కంప్రెసర్. నా మోడల్‌లో చక్కగా కనబడే ఒక గేజి దగ్గర నిజంగా నిలబడితే, నడుము వంచి పక్కకు తిరిగితేగాని ముల్లు కనిపించలేదు. అంత ఇబ్బంది పడి ఒక మనిషి రాసి పంపే అంకెను తేలికగా కొట్టిపారేయకూడదని నాకు అక్కడే అర్థమైంది.

చదువు విషయం. మీరు మెకానికల్ కాబట్టి ద్రవగతిశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం గట్టిగా పట్టుకోండి. పైపులూ పరికరాల డ్రాయింగు చదవడం నేర్చుకోండి. ఆ తరువాత పైథాన్, డేటాబేస్ ప్రశ్నలు రాయడం, కొంచెం గణాంకశాస్త్రం. త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక మూడు నెలల్లో వస్తుంది, దానికోసం కోర్సులకు డబ్బు తగలేయవద్దు. మడికొండ ఐటీ పార్కు వచ్చాక ఇంజినీరింగ్ సేవల పని మన దగ్గరికీ చేరింది, హైదరాబాద్ వెళ్ళక తప్పదన్న రోజులు కావివి.

ఈ వారమే మొదలుపెట్టాలనుంటే మీ కాలేజీ ల్యాబ్‌లోని పంపు దగ్గరకు వెళ్ళండి. దాని పైపులు, వాల్వులు, గేజీలు చేత్తో తడుముతూ కాగితం మీద గీయండి, ఒక్కోదానికి ట్యాగ్ నంబరు ఇవ్వండి. వాల్వు ఎంత తెరిస్తే ఎంత ప్రవాహం రావాలో లెక్కగట్టి, వచ్చినదాన్ని పక్కన రాయండి. నెల రోజుల తరువాత అదే కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళి, ఏమేమి మారాయో ఎర్ర కలంతో దిద్దండి. ఆ రెండు కాగితాలూ నాకు సందేశంలో పంపితే తప్పకుండా చూసి జవాబు రాస్తాను.